ఏం మిగిలింది? ఎవరు మిగిలిపోయారు?



'మిగలడం' అనే మాటను మనం రెండు రకాలుగా వాడతాం. 'అన్నం మిగిలింది' అంటే అందరూ తినగా ఇంకా ఉందని అర్థం. 'వాడొక్కడే మిగిలిపోయాడు' అంటే అందరూ ఒకచోట చేరారు కానీ వాణ్ణి ఎవరూ కలుపుకోలేదని అర్థం. ఈ పాఠానికి ఆ రెండు అర్థాలూ కావాలి. ఏ వేడుకైనా ముగిశాక రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఏం మిగిలింది? ఎవరు మిగిలిపోయారు?

మీలో కొందరు రెండు మూడేళ్ళలో విశ్వవిద్యాలయంలో చేరతారు. కొందరి అక్కలు, అన్నలు ఇప్పటికే అక్కడ ఉన్నారు. అక్కడ స్నాతకోత్సవాలు, సదస్సులు, సాంస్కృతికోత్సవాలు, ఆటల పోటీలు జరుగుతాయి. బడిలో వార్షికోత్సవాన్ని టీచర్లు నడిపిస్తారు. విశ్వవిద్యాలయంలో మాత్రం చాలా పనులు విద్యార్థుల చేతికే వస్తాయి. అప్పుడు 'ఎలా చెయ్యాలి' అని వెతుక్కోకుండా ఉండాలంటే ఇప్పుడే కొంచెం నేర్చుకోవాలి.

ఒక లెక్కతో మొదలుపెడదాం.

వెయ్యి మంది లెక్క

ఒక విశ్వవిద్యాలయంలో ఒకరోజు ఉత్సవం, వెయ్యి మంది వస్తారు అనుకోండి. ఉదయం ఒక టీ, సాయంత్రం ఒక టీ. అంటే 2000 కప్పులు. మనిషికి రెండు చిన్న నీళ్ళ సీసాలు, మరో 2000. మధ్యాహ్న భోజనానికి 1000 ప్లేట్లు, 1000 చెంచాలు. మొత్తం 6000 వస్తువులు. ఒక్కొక్కటి చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. ఇక భోజనంలో ఒక్కొక్కరు 50 గ్రాములు వదిలేశారనుకోండి. చారెడు కూడా కాదు కదా అనిపిస్తుంది. వెయ్యి మందికి అది 50 కిలోలు.

ఈ చెత్త ఉత్సవం రోజున పుట్టలేదు. నెల రోజుల ముందు, ఎవరో టెంట్‌హౌస్‌కు ఫోన్ చేసి 'ప్లేట్లు, కప్పులు కూడా మీరే పంపించండి' అన్న రోజునే పుట్టింది. అందుకే చివర్లో ఎన్ని చెత్తబుట్టలు పెట్టాలన్నది రెండో ప్రశ్న. అసలు ఏం కొనకూడదు అన్నది మొదటి ప్రశ్న.

చట్టం కూడా మనకు కొంత దారి చూపింది. 2022 జులై 1 నుంచి మన దేశంలో ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను నిషేధించారు. ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, బెలూన్ల పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, అలంకరణకు వాడే థర్మోకోల్, మిఠాయి పెట్టెలకూ ఆహ్వాన పత్రికలకూ చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర, 100 మైక్రాన్ల కన్నా పల్చని పీవీసీ బ్యానర్లు ఆ జాబితాలో ఉన్నాయి. ఒకసారి మళ్ళీ చదవండి. ఇది దాదాపుగా ఒక ఫంక్షన్ సామాను చీటీలాగే ఉంది కదా!

ఇక్కడ ఒక జాగ్రత్త. ప్లాస్టిక్ కప్పు బదులు కాగితం కప్పు పెట్టేస్తే పని అయిపోయిందనుకోకండి. టీ కారకుండా చాలా కాగితం కప్పుల లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది ఎరువు గుంటలో కరగదు. చూడటానికి ఆకులా ఉండే కొన్ని ప్లేట్లకు కూడా అలాంటి పొర వేస్తారు. కొనే ముందు ఒక ప్లేటు చించి చూడండి, తెలిసిపోతుంది.

ఊరూరా ఒక పాఠం

మన కుటుంబాలకు బదిలీ ఉత్తర్వు అంటే పెట్టెలు సర్దుకోవడం. నన్ను కూడా నా ఉద్యోగం అస్సాం, ఒడిశా, పంజాబ్, కేరళ తిప్పింది. ఈ విషయంలో ప్రతి చోటా ఏదో ఒకటి నేర్చుకోవచ్చు.

అస్సాంలో అతిథికి గౌరవంగా గామొసా కప్పుతారు. ఎర్ర అంచుల తెల్లని నేత వస్త్రం అది. పూలగుత్తి సాయంత్రానికి వాడిపోతుంది, దానికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం మాత్రం ఉండిపోతుంది. గామొసా ఇంటికి వెళ్ళి ఏళ్ళ తరబడి ఉపయోగపడుతుంది. ఒడిశాలో సాల ఆకులను కుట్టి విస్తళ్ళు చేస్తారు. మన దగ్గర తెలంగాణలో మోదుగాకు విస్తరి, ఉత్తరాంధ్ర మన్యంలో అడ్డాకు విస్తరి అలాంటివే. అడవి నుంచి ఆకు తెచ్చి కుట్టేవాళ్ళలో ఆదివాసీ మహిళలు ఎక్కువ. ఆ విస్తరి కొంటే ఆ డబ్బు వాళ్ళ ఇంటికి చేరుతుంది. తిన్నాక ఆకు మట్టిలో కలుస్తుంది.

పంజాబ్‌లో గురుద్వారా లంగరు చూడండి. వేల మంది నేలమీద వరుసగా కూర్చుని, ఒకే వంట, స్టీలు పళ్ళాల్లో తింటారు. పళ్ళాలు కడిగేది సేవకు వచ్చినవాళ్ళే. పారేసేది దాదాపు ఏమీ ఉండదు. పక్కన కూర్చున్నది ఎవరని ఎవరూ అడగరు. మన ప్రశ్నలు రెండింటికీ అక్కడ ఒకేసారి జవాబు దొరుకుతుంది.

కేరళ 2015లో 35వ జాతీయ క్రీడలు నిర్వహించినప్పుడు 'గ్రీన్ ప్రోటోకాల్' అనే పద్ధతి పాటించింది. పారేసే వస్తువులను తగ్గించి, కడిగి వాడుకునే పాత్రలు పెట్టడం అందులో ముఖ్యమైన అంశం. తర్వాత ఆ రాష్ట్రంలో పెళ్ళిళ్ళకూ, ఉత్సవాలకూ ఆ పద్ధతి పాకింది. దేశమంతటి క్రీడాకారులు వచ్చిన ఉత్సవంలో సాధ్యమైనది ఒక విశ్వవిద్యాలయంలో సాధ్యం కాదా?

'ఖర్చు ఎక్కువ' అని ఎవరైనా అంటారు. ఆ మాటను కొట్టిపారేయకండి, లెక్క వేయండి. స్టీలు గ్లాసులు టెంట్‌హౌస్‌లో అద్దెకు దొరుకుతాయి. కడగడానికి నీళ్ళు, మనుషులు కావాలి. ఆ మనుషులకు కూలి ఇవ్వాలి. మరోపక్క 2000 నీళ్ళ సీసాల ఖర్చు తగ్గుతుంది. మనిషికి లీటరు చొప్పున వెయ్యి లీటర్లు అంటే 20 లీటర్ల క్యాన్లు 50. 'నీళ్ళ సీసా మీరే తెచ్చుకోండి' అని ఆహ్వానంలో ఒక్క వాక్యం రాస్తే చాలు. సీసా మరిచిపోయినవారికి కుండలతో ఒక చలివేంద్రం పెట్టండి. ఎండాకాలంలో దారిన పోయేవారికి ఉచితంగా నీళ్ళిచ్చే పందిరికి మన పెద్దలు పెట్టిన పేరు అది. ఎంత చల్లని మాటో చూశారా?

ఎక్కడ, ఎప్పుడు, ఎంత గట్టిగా

స్థలం మారితే ప్రణాళిక మారాలి. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో పెద్ద పెద్ద బండరాళ్ళు, చెరువులు, పొదలు ఉన్నాయి. నెమళ్ళు, చుక్కల దుప్పులు తిరుగుతాయి. అలాంటి చోట గాలికి ఎగిరిన ప్లాస్టిక్ సంచి ఒక దుప్పి కడుపులోకి వెళ్ళవచ్చు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉంది. అక్కడ కాలవలో పడ్డ కప్పు వానకు సముద్రం దాకా పోవచ్చు. కాబట్టి మొదటి సమావేశంలోనే అడగాలి: ఇక్కడ మనతో పాటు ఇంకెవరు బతుకుతున్నారు?

తేదీ కూడా అంతే ముఖ్యం. పరీక్షల వారంలో పెడితే చదువుకునేవారికి ఇబ్బంది. రంజాన్ నెలలో మధ్యాహ్న విందే ప్రధాన కార్యక్రమంగా పెడితే ఉపవాసం ఉన్న మిత్రులు పక్కన కూర్చుని చూడాలి. మే నెల ఎండలో మైదానంలో పెడితే స్పృహ తప్పేవారు ఉంటారు. రాత్రి పది దాటితే ఆఖరి బస్సు పోతుంది. సొంత బండి లేనివారు, దూరం వెళ్ళాల్సిన అమ్మాయిలు కార్యక్రమం సగంలోనే లేచి వెళ్ళిపోతారు. బస్సు వేళలు చూసి ముగింపు సమయం పెట్టుకుంటే రెండు లాభాలు. ఎక్కువ మంది చివరిదాకా ఉంటారు. కార్లు, స్కూటర్లు తగ్గి పొగ తగ్గుతుంది.

శబ్దానికి హద్దు ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగటి హద్దు 50 డెసిబెల్స్, రాత్రి 40. 50 డెసిబెల్స్ అంటే ఇంట్లో నెమ్మదిగా మాట్లాడుకునే మాటలంత. మైకు పెట్టెలు హాస్టళ్ళ వైపు కాకుండా ప్రేక్షకుల వైపు మాత్రమే తిప్పి, చిన్నవి నాలుగు దూరదూరంగా పెడితే అందరికీ వినపడుతుంది, ఎవరి చెవులూ పగలవు.

ఆరోగ్యం వంటింట్లోనే మొదలు కాదు

ఆరోగ్యం అనగానే మనకు తిండి గుర్తుకొస్తుంది. దానికన్నా ముందు ఎండ, నీళ్ళు, మరుగుదొడ్డి ఉన్నాయి. ముఖ్య అతిథి కోసం పిల్లలను గంటసేపు ఎండలో నిలబెట్టడం ఆరోగ్యకరం కాదు. మూడు గంటల పాటు లేవకుండా కూర్చోబెట్టే ఉపన్యాసాలూ అంతే! ప్రతి గంటకూ చిన్న విరామం, నడవడానికి చోటు, చేతులు కడుక్కోవడానికి సబ్బు, అంబులెన్స్ రావడానికి అడ్డులేని దారి. ఇవి పెద్ద ఖర్చు లేని పనులు.

దుస్తులు కూడా ఆరోగ్యమే. స్నాతకోత్సవం అనే మాట 'స్నాతకుడు' నుంచి వచ్చింది. చదువు ముగించి స్నానం చేసినవాడు అని దాని అర్థం. అంత చల్లని పేరున్న రోజున, మన వేడిలో మందపాటి నల్ల గౌను వేసుకుని చెమటలో తడవడం చిత్రమే కదా. 2019లో యూజీసీ, స్నాతకోత్సవాల్లో చేనేత దుస్తులు వాడమని విశ్వవిద్యాలయాలకు సూచించింది. మంగళగిరి నూలు కండువా అయితే ఒంటికి హాయి, నేతగాడికి పని. పట్టా పుచ్చుకున్న వాళ్ళకు దాచుకోవడానికి ఒక గుర్తు.

ఇప్పుడు భోజనం. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ప్రతిపాదించింది మన దేశమే. రాగి సంకటి, జొన్న రొట్టె, కొర్ర అన్నం మన పాత వంటలే. టీతో పాటు బిస్కెట్లకు బదులు ఉడికించిన శనగలు, పల్లీలు, అరటిపండు పెట్టవచ్చు. తీపి పానీయాల బదులు మజ్జిగ, నిమ్మరసం. ఉప్పు విషయంలో మాత్రం వంటమేస్త్రితో ముందే మాట్లాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాములకన్నా తక్కువ ఉప్పు సరిపోతుంది. అంటే ఒక చిన్న చెంచాడు. పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ మూడూ ఒకే విస్తట్లో పడితే ఆ లెక్క ఎక్కడికి పోతుందో మీరే ఊహించండి.

ప్రతి వంటకం ముందు ఒక చీటీ పెట్టండి. పేరు, అందులో ఏమున్నాయి, మాంసం ఉందా, పాలు, పల్లీలు, నువ్వులు, గోధుమ ఉన్నాయా అని. పల్లీలు పడనివారికి ఆ చీటీ ప్రాణం కాపాడవచ్చు. ఉల్లి, వెల్లుల్లి తిననివారు ప్రతి గిన్నె దగ్గరా నిలబడి అడగనక్కర్లేదు.

ఎంతమంది తింటారో ముందే పేర్లు రాయించుకుంటే అన్నం మిగలదు. అయినా మిగిలితే? వండిన ఆహారాన్ని మామూలు వేడిలో రెండు గంటలకన్నా ఎక్కువ ఉంచకూడదు. అందుకే 'మిగిలితే ఎవరికైనా ఇద్దాం' అని రాత్రి పదింటికి అనుకోవడం దానం కాదు. తీసుకునేవారెవరో, ఎన్నింటికి వస్తారో ముందే మాట్లాడుకోవాలి. వడ్డించని గిన్నెలోంచి, వేడిగా ఉండగానే తీసి పంపాలి. మన కడుపుకు మంచిది కానిది ఇంకొకరి కడుపుకూ మంచిది కాదు.

ఎవరు మిగిలిపోయారు?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చాం. వచ్చినవారిని లెక్కపెట్టడం సులువు. రానివారిని, వచ్చీ పాల్గొనలేనివారిని లెక్కపెట్టడం కష్టం. ఎందుకంటే వాళ్ళు ఫోటోల్లో ఉండరు.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 1995 నాటి పాత చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే, ఇందులో 21 ఉన్నాయి. కంటికి కనిపించనివి కూడా వాటిలో ఉన్నాయి. కాబట్టి 'మా దగ్గర అలాంటివారు ఎవరూ లేరు' అని ఎవరూ చూడగానే చెప్పలేరు.

చక్రాల కుర్చీలో ఉన్న విద్యార్థినికి బహుమతి వచ్చిందనుకోండి. వేదిక ఎక్కేందుకు మెట్లు మాత్రమే ఉన్నాయి. అప్పుడు నలుగురు ఆమెను కుర్చీతో సహా ఎత్తుతారు, లేదా అతిథి కిందికి దిగి వస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. కానీ తన పేరు పిలిచినప్పుడు తనంతట తాను వేదిక ఎక్కడం మిగతా అందరికీ దక్కింది, ఆమెకు దక్కలేదు. దీనికి కావలసింది ఒక వాలుదారి, అంటే ర్యాంపు. దాని కొలత సులభం: అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. వేదిక మూడు అడుగుల ఎత్తుంటే 36 అడుగుల ర్యాంపు కావాలి. మధ్యలో ఆగడానికి సమతలం కూడా ఉండాలి. వేదికను అడుగున్నర ఎత్తే కడితే 18 అడుగులు చాలు. వేదిక కట్టాక గుర్తొస్తే ఇది పెద్ద సమస్య. కట్టకముందు అడిగితే చిన్న లెక్క. తలుపు వెడల్పు కనీసం 90 సెంటీమీటర్లు ఉందా, మరుగుదొడ్డి దాకా కుర్చీ వెళ్తుందా అని కూడా అప్పుడే కొలుచుకోండి.

వినపడనివారి కోసం సైగల భాష తెలిసినవారిని పిలవండి. వాళ్ళు నిలబడిన చోట వెలుతురు ఉండాలి. దీపాలార్పి నాటకం వేసేటప్పుడు ఇది మరవకూడదు. చూపు లేనివారికి కార్యక్రమ వివరాలు ముందే ఫోనులో పంపితే ఫోను చదివి వినిపిస్తుంది. వాటిని ఫోటో తీసి పంపకుండా అక్షరాలుగా టైపు చేసి పంపాలి. పెద్ద శబ్దం, మెరిసే దీపాలు భరించలేనివారికి ఒక నిశ్శబ్దపు గది, చంటిపిల్లల తల్లులకు ఒక చాటు గది ఉంటే వాళ్ళు మధ్యలో వెళ్ళిపోనక్కర్లేదు.

భాష కూడా ఒక మెట్టే. ఇది మీకు వివరించి చెప్పనక్కర్లేదు. ఏప్రిల్‌లో కొత్త ఊరు వచ్చి, కొత్త బడిలో అసెంబ్లీలో నిలబడినప్పుడు, అందరూ నవ్విన హాస్యం మీ ఒక్కరికే అర్థం కాని రోజు మీలో చాలామందికి తెలుసు. విశ్వవిద్యాలయానికీ పది రాష్ట్రాల నుంచి పిల్లలు వస్తారు. స్థానిక భాషలో ప్రకటన చేసి, అదే మాట హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఒక వాక్యంగా చెబితే అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం ఎవరికి ఎంత అవసరమో బదిలీల పిల్లలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే ఇలాంటి కమిటీల్లో మీరు ఉండాలి.

ఇంకొందరున్నారు. ఊడ్చేవారు, వంటవారు, కాపలావారు, మైకు మనిషి, అతిథుల కార్ల డ్రైవర్లు. ఉత్సవం వాళ్ళ భుజాల మీదే నడుస్తుంది. వాళ్ళు ఎప్పుడు తింటారు? ఎక్కడ కూర్చుంటారు? ఆఖరి పంక్తిలో అడుగంటిన సాంబారు వాళ్ళకు వదిలితే ఆ ఉత్సవాన్ని 'అందరిదీ' అనకూడదు. చెత్తను ఎవరు ఏరతారో వాళ్ళను మొదటి సమావేశానికే పిలవండి. ఎక్కడ బుట్ట పెట్టాలో, ఏ మూల చెత్త పేరుకుంటుందో వాళ్ళకు తెలిసినట్టు మనకు తెలియదు.

రాసి పెట్టడం

ఉత్సవం మర్నాడు ఒక గంట కేటాయించండి. తడి చెత్త ఎన్ని కిలోలు, పొడి చెత్త ఎన్ని కిలోలు తూచండి. ఎంత అన్నం మిగిలిందో రాయండి. రాలేనివారిని, మధ్యలో వెళ్ళినవారిని కారణం అడిగి రాయండి. గుడ్డ బ్యానర్ మీద సంవత్సరం రాయకపోతే వచ్చే ఏడాదీ పనికొస్తుంది. దాన్ని ఎక్కడ దాచారో కూడా రాయండి.

ఎందుకంటే విశ్వవిద్యాలయంలో విద్యార్థులు రెండు మూడేళ్ళలో వెళ్ళిపోతారు. కొత్త జట్టు వచ్చి మళ్ళీ టెంట్‌హౌస్‌కు ఫోన్ చేసి అదే మాట అంటుంది. ఆ నోటుపుస్తకం ఉంటే అనదు. మన బడుల సంగతీ ఇంతే. మీ నాన్నగారికో అమ్మగారికో ఉత్తర్వు రాగానే మీరు ఈ బడి వదిలి వెళ్తారు. నేర్చుకున్న పద్ధతి కొత్త బడికి మీతో వస్తుంది. రాసిపెట్టిన పుస్తకం పాత బడిలో ఉండిపోతుంది. ఇలాంటివి మిగిలితే మంచిదే.

చేసి చూడండి

1. మీ బడిలో జరగబోయే ఒక కార్యక్రమానికి ఎంతమంది వస్తారో కనుక్కోండి. పారేసే వస్తువులు ఎన్ని అవుతాయో 'వెయ్యి మంది లెక్క'లాగా వేసి చూపండి.

2. మీ బడి వేదిక ఎత్తు కొలవండి. దానికి ఎంత పొడవు ర్యాంపు కావాలి? అంత చోటు ఉందా?

3. మీ ప్రాంతంలో అతిథిని ఎలా గౌరవిస్తారు, ఏ ఆకులో తింటారు? మీ పొరుగువారిని అడిగి తెలుగులో ఐదు వాక్యాలు రాయండి.

4. పోయినసారి కార్యక్రమంలో ఫోటోల్లో లేని ఒకరిని గుర్తుచేసుకోండి. వాళ్ళు ఎందుకు లేరో వాళ్ళనే అడగండి. జవాబును మీ తరగతిలో, వాళ్ళు ఒప్పుకుంటేనే, చదవండి.